వేరుశనగ చుట్టూ ఆముదం వేయండి, పొద్దుతిరుగుడు వద్దు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఐదెకరాల ఎర్రనేలలో వానాధారంగా వేరుశనగ వేస్తాం. పోయినేడు లద్దెపురుగు ఆకంతా తినేసింది. రెండుసార్లు మందు కొట్టినా లొంగలేదు. చేని చుట్టూ ఆముదం, అలసంద, పొద్దుతిరుగుడు, బంతి కలిపి వేస్తే పురుగే రాదని కొందరు చెబుతున్నారు. నిజమేనా? ఇక మందు అవసరం ఉండదా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఈ నాలుగింటిలో మీకు తప్పకుండా పనికొచ్చేది ఆముదం. అలసంద సంగతి మీ ఊరి పురుగును బట్టి ఉంటుంది. పొద్దుతిరుగుడు, బంతి మాత్రం వేరుశనగ పక్కన వేయకండి. ఏ మొక్క ఏ పురుగు కోసమో చూడకుండా అన్నీ కలిపి చల్లితే మేలుకు బదులు కీడు జరగొచ్చు.

ముందు పొద్దుతిరుగుడు మాట. 2000 ఖరీఫ్‌లో మన జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మీ ఇంట్లో పెద్దలకు ఆ ఏడు గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్ పుప్పొడిలో ఉంటుంది. గాలికి పుప్పొడి వచ్చి ఆకు మీద పడుతుంది, తామర పురుగుల ఒంటికి అంటుకుని కూడా వస్తుంది. ఆ పురుగులు ఆకును గీకినప్పుడు పడిన గాయంలోంచి వైరస్ మొక్కలోకి చేరుతుంది. దానికి ప్రధాన స్థావరం వయ్యారిభామ. వైరస్ ఉన్నా ఆ మొక్క పచ్చగానే కనబడుతుంది, పూస్తూనే ఉంటుంది. పొద్దుతిరుగుడు, బంతి కూడా ఈ వైరస్‌కు ఆశ్రయమిస్తాయి. బంతి టమాటలో కాయతొలుచు పురుగును తనవైపు లాగే మంచి ఎర పంటే, 16 సాళ్ల టమాటకు ఒక సాలు బంతి వేయమని మేమే చెబుతాం. కానీ వేరుశనగకు అది తగదు.

పొద్దుతిరుగుడు, బంతికి బదులు మీ చేని చుట్టూ వేయాల్సింది జొన్న లేదా సజ్జ. నాలుగు సాళ్లు, దగ్గర దగ్గరగా, వేరుశనగతో పాటే విత్తండి. గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులకూ పుప్పొడికీ అవి దడిలా అడ్డుపడతాయి. కంకులు వచ్చాక పక్షులు వాలి చేలోని లద్దెలనూ ఏరుకు తింటాయి. గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి, పూసిన తర్వాత పీకితే ఫలితం సగమే. వైరస్ వచ్చే ఊళ్లలో కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి విత్తడం కూడా అవసరం.

ఇక ఆముదం. లద్దెపురుగు తల్లి రెక్కల పురుగుకు వెడల్పాటి ఆముదపాకు అంటే ఇష్టం. వేరుశనగ పక్కనే ఉన్నా అక్కడికే పోయి ఆకు అడుగున గుడ్లు ముద్దగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. ఒక్కో ముద్దలో వందల గుడ్లు ఉంటాయి. మూడు నాలుగు రోజుల్లో పొదిగి, పిల్ల పురుగులు గుంపుగా ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి, ఆకు జల్లెడలా తయారవుతుంది. ఆ దశలో ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోతాయి. కాబట్టి గట్ల వెంట, చేలో అక్కడక్కడ ఆముదం పెట్టి, వారానికి రెండుసార్లు తప్పకుండా తిరగండి. గుడ్ల ముద్దలు, జల్లెడాకులు కోసి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. చాలామంది ఆముదం వేస్తారు గానీ దాని వైపు మళ్లీ చూడరు. అప్పుడు అక్కడ పెరిగిన లద్దెలే వేరుశనగ మీదికి దిగుతాయి. ఇది మీరు చేయలేననుకుంటే ఆముదం వేయకపోవడమే మంచిది. ఆకుల మీద ఒళ్లు వంచుతూ నడిచే నామాల పురుగు కనబడితే కంగారు పడకండి, అది ఆముదానిదే.

తొలి వానలకు ఎర్ర గొంగళి పురుగు లేచే ఊరైతే గట్ల వెంట అలసంద వేసి, పురుగులు అక్కడ చేరినప్పుడు ఏరి చంపండి. ఆ బెడద లేకపోతే అలసంద వద్దు. దాని మీద చేరే పేనుబంక వేరుశనగకూ పడుతుంది.

అంతరపంటగా 7 లేదా 11 సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయండి. మొదట్లో నిదానంగా పెరుగుతుంది కనుక తేమకు పోటీ తక్కువ. వేరుశనగ పీకాక కూడా చేలో నిలిచి, వాన మోసం చేసిన ఏడు ఎంతో కొంత చేతికిస్తుంది.

మందు అసలే అవసరం ఉండదని నేను చెప్పను. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు పెట్టి రెక్కల పురుగుల రాక గమనించండి. లద్దెలు ఎదిగి పగలు మట్టిలో దాక్కునే దశకు వస్తే పైన ఎంత పిచికారీ చేసినా సరిగా తగలదు. పోయినేడు మీకు జరిగింది ఇదే అయి ఉండవచ్చు. అప్పుడు ఎకరాకు 5 కిలోల తవుడు, అరకిలో బెల్లం, అర లీటరు క్లోరిపైరిఫాస్ కొద్దిగా నీళ్లతో ఉండలు కట్టి, సాయంత్రం సాళ్ల మధ్య చల్లండి. ఉండలు కట్టేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. గొర్రెలు, కోళ్లు కొన్ని రోజులు ఆ చేలోకి పోకుండా చూసుకోండి, పక్క చేను వాళ్లకూ ముందే చెప్పండి.