ముందు ఈసీజీ, తర్వాతే బూట్లు

తెనాలి,
జూన్ 24, 2021.

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, మీ మేనకోడలు పరుగు మొదలెడుతుందట. ఆగస్టులో పది కిలోమీటర్ల రన్‌కి డబ్బు కూడా కట్టేసింది. మీరైనా చెప్పండి" అంది. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. మానమని చెప్పాలో, ఎట్లా పరిగెత్తాలో చెప్పాలో నాకే వదిలేసింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ జిల్లా పరిషత్ హైస్కూల్లో విజిలూదిన డ్రిల్ టీచరుకి ఇలాంటి కబురొస్తే నిద్రెక్కడ పడుతుంది? కాసేపు సంతోషం, కాసేపు భయం. పొద్దున్నే లేచి కాగితం తీశాను. వాట్సాప్‌లో రాస్తే రెండు లైన్లు చదివి బొటనవేలి బొమ్మ పెడతావని తెలుసు.

ఆ రన్ సంగతి విని నవ్వొచ్చిన మాట నిజం. ఎవరి వీధిలో వాళ్ళు పరిగెత్తి ఫోన్లో లెక్క పంపితే మెడల్ కొరియర్‌లో వస్తుందట! గ్రిగ్స్ అనే స్కూళ్ళ ఆటల పోటీలకి పిల్లల్ని లారీ ఎక్కించి, అన్నం మూటలు కట్టించి తీసుకెళ్ళినదాన్ని, నాకు వింతగానే ఉంటుంది. సరే, కరోనా వల్ల జనం గుమిగూడకూడని రోజులు, అట్లాగే కానీ. నాకు నచ్చనిది మెడల్ కాదు, ఆగస్టు అన్న తారీఖు.

ఎందుకంటే మే మొదటివారంలో నీకు కరోనా పాజిటివ్. ఐదు రోజులు జ్వరం, పది రోజులు వాసన లేదు, మెట్లెక్కితే ఆయాసమని నువ్వే చెప్పావు. ఇప్పుడు బాగానే ఉన్నానంటావు. బాగానే ఉండటం వేరు, పరిగెత్తడానికి పనికిరావడం వేరు. ఈ వైరస్ కొందరిలో గుండె కండరాన్ని కూడా వాపెక్కిస్తుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, వంట చేసుకుంటున్నప్పుడు అది బయటపడకపోవచ్చు. శ్రమ పెట్టినప్పుడు బయటపడుతుంది. అందుకని ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి పరుగు మాట చెప్పి ఈసీజీ తీయించు. ఇంకేదన్నా పరీక్ష కావాలంటే అదీ చేయించు. ఇంట్లో ఆక్సీమీటరు ఎట్లాగూ కొన్నారుగా, వేలికి పెట్టి అంకె చూసుకుని ఆరు నిమిషాలు హాల్లో ఆగకుండా నడిచి, మళ్ళీ చూడు. 94 కంటే తగ్గినా, మొదటి అంకె మీద మూడు నాలుగు పడిపోయినా బూట్ల మాటే ఎత్తకు, ఆ అంకెలు డాక్టరుకి చూపించు. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎక్కడున్నావో అక్కడే ఆగిపోవాలి. "ఈ మలుపు దాకా వెళ్ళి ఆగుతా" అనే బేరం పెట్టకు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. మీ నాన్న నీకీ సంగతి చెప్పి ఉండడు.

మీ నాన్న మంచి రన్నరే తల్లీ. మామూలుగా కాదు, బాగా మంచి రన్నరు. డిగ్రీ అయ్యాక ఎస్సై సెలెక్షన్లకని రోజూ తెల్లారుజామున నిజాంపట్నం కాలువ గట్టు మీద పరిగెత్తేవాడు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. స్కూలు స్టాప్‌వాచ్ ఇంటికి తెచ్చి టైము పట్టేదాన్ని. 800 మీటర్ల పరుగు వాడికి ఆట. చివరి 200 మీటర్లలో భుజాలు బిగుసుకోకుండా, గడ్డం పైకెత్తకుండా వచ్చేవాడు. అది నేర్పితే వచ్చేది కాదు. ఎంతమందికి నేర్పబోయానో, రాలేదు.

సెలెక్షన్లు నెల రోజులున్నాయనగా టైఫాయిడ్ పట్టుకుంది. మూడు వారాలు మంచంలో ఉన్నాడు. బార్లీ నీళ్ళు, పాలలో ముంచిన రొట్టె. అమ్మ పథ్యం పెట్టి వారం తిరక్కుండానే సెలెక్షన్ రోజు వచ్చింది. ఇంట్లో అందరం వద్దన్నాం. సరేనన్నాడు. ఆ పొద్దున నేను స్కూలుకి బయల్దేరేదాకా ముసుగు తన్ని పడుకుని, నేనటు వెళ్ళగానే గుంటూరు బస్సెక్కాడు. వట్టి కాళ్ళతో వెళితే నామోషీ అనుకుని స్నేహితుడి దగ్గర తెల్ల కాన్వాసు బూట్లు అడిగి తెచ్చుకున్నాడు. వీడిది ఎనిమిదో నంబరు పాదం, అవి ఏడు.

తర్వాత తోటి కుర్రాళ్ళు చెప్పిందేమిటంటే, మొదటి రౌండులో మీ నాన్నే ముందున్నాడట. రెండో రౌండు సగంలో పక్కకి తూలి, మళ్ళీ నిలదొక్కుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఇంకో యాభై అడుగులు పరిగెత్తాడట. ఆ యాభై అడుగులే నాకు ఇప్పటికీ మింగుడుపడవు. అప్పుడైనా ఆగొచ్చుగా! అక్కడే పడిపోయాడు. రిక్షాలో ఆస్పత్రికి చేర్చారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు, బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. చెమటకి లేసులు బిగుసుకుపోయి ముడి రాలేదు. కాంపౌండరు కత్తెరతో కోసి లాగాడు. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి, మేజోడు ముందు భాగం రక్తంతో అట్ట కట్టింది. డాక్టరు చాలాసేపు చెస్ట్ మీద గొట్టం పెట్టి విని, జ్వరం గుండె కండరానికి తగిలిందని, ఆరు నెలలు మంచం దిగొద్దని చెప్పాడు. గోళ్ళు కొత్తవి వచ్చాయి. ఉద్యోగం రాలేదు. మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటిపోయింది. ఆ తర్వాత మీ నాన్న బస్సు కోసం కూడా పరిగెత్తగా నేను చూడలేదు.

నువ్వు పరుగు మాట ఎత్తగానే ఏమీ అనకుండా బాల్కనీలోకి లేచిపోయాడట. కోపమనుకుని బాధపడ్డావట. కోపం కాదే పిచ్చిదానా.

సరే, బూట్లు. డాక్టరు సరేనన్నాకే ఈ భాగం చదువు, ఎట్లాగూ ముందే చదువుతావనుకో.

స్టాండులోంచి ఇంజనీరింగ్ నాటి పాత జత తీశావని మీ అమ్మ చెప్పింది. వాటితో రోడ్డెక్కకు. వాడకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న బూట్లు కొత్తవనుకుంటారు అందరూ. కొన్ని బూట్ల అడుగున ఉండే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురగ మన తేమకి లోలోపలే విరిగిపోతుంది. చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, నాలుగడుగులు వేస్తే తడిసిన బిస్కెట్టులా ముక్కలు ముక్కలుగా రాలుతుంది. పోయినేడు లాక్‌డౌన్ సడలించాక మా వీధిలో రిటైరైన తాసీల్దారు గారికి ఇదే జరిగింది. వాకింగ్‌కని వెళ్ళి, అడుగు లేని బూటు చేత్తో పట్టుకుని వచ్చాడు పాపం. మామూలు ఫోమ్ రాలకపోయినా గట్టిపడి మెత్తదనం పోతుంది.

హైదరాబాదులో లాక్‌డౌన్ ఎత్తేశారు కాబట్టి షాపుకే వెళ్ళు. ఆన్‌లైన్‌లో రంగు చూసి కొనొద్దు. సాయంత్రం పూట వెళ్ళు, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, పరిగెత్తినా అంతే ఉబ్బుతాయి. పరుగుకి వేసుకునే మేజోళ్ళే తీసుకెళ్ళు. నూలువి వద్దు, చెమట పీల్చి తడిగా ఉండిపోయి బొబ్బలెక్కిస్తాయి. రెండు కాళ్ళకీ తొడిగి నిలబడు, కూర్చుని చూసేది లెక్కలోకి రాదు. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఆ పెద్దదాన్ని బట్టి కొను. పొడుగు వేలి కొసకీ బూటు మొనకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడు. పాదం అంచులు దాటి బయటికి వస్తే ఆ బూటు నీకు ఇరుకు, షాపువాడు "వాడితే సాగుతుంది మేడమ్" అంటే నమ్మకు. మన పిల్లలు చిన్నప్పట్నుంచీ చెప్పులతో తిరిగినవాళ్ళు, వేళ్ళ దగ్గర పాదం విచ్చుకుని ఉంటుంది. ఆడవాళ్ళ బూట్లు ఇరుకనిపిస్తే మగవాళ్ళవి చూడు, వెడల్పుగా ఉంటాయి. రంగు బాగోదని మానుకోకు. యూకే నంబరు, యూఎస్ నంబరు ఒకటి కాదు, కంపెనీకీ కంపెనీకీ కూడా కుదరదు. పెట్టె మీద సెంటీమీటర్లు ఉంటాయి, అది చూసుకో.

బూటు రెండు చేతులతో పట్టి వంచు. వేళ్ళు మడిచే చోట వంగాలి, నడిమధ్యలో మడతపడితే పక్కన పెట్టెయ్. మడమ వెనక భాగం నొక్కితే గట్టిగా నిలవాలి. తర్వాత షాపులోనే ఇటునుంచి అటు పరిగెత్తు. సిగ్గుపడకు, వాళ్ళకిది మామూలే. ఎక్కడన్నా నొక్కుతుందా, మడమ జారుతుందా చూసుకో. నీ పాదం లోపలికి వాలుతుంది, బయటికి వాలుతుంది అని మెషీన్ పెట్టి చెబుతారు, విను, కానీ చివరికి ఏ జత వేసుకున్న సంగతి మర్చిపోయావో అదే తీసుకో. మూడు వేల నుంచి ఐదు వేల లోపు మంచివి దొరుకుతాయి. కెన్యా రన్నరు కిప్‌చోగే 2019లో వియన్నాలో మారథాన్ దూరాన్ని గంటా 59 నిమిషాల 40 సెకన్లలో ముగించిన దగ్గర్నుంచీ కుర్రకారుకి అడుగున కార్బన్ ప్లేటు పెట్టిన బూట్ల పిచ్చి పట్టింది. ఆ బూట్లు ఆయన వేగానికి. నువ్వింకా నడక దాటలేదు.

వానపడి గ్రౌండు తడిసిన రోజు పిల్లల్ని క్లాసులో కూర్చోబెట్టి ఇథియోపియా రన్నరు అబెబె బికిలా కథ చెప్పేదాన్ని. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయనకిచ్చిన బూట్లు పాదాలకి కుదరలేదు. కుదరని బూట్లు పక్కన పడేసి వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్ళకి టోక్యోలో బూట్లేసుకుని మళ్ళీ గెలిచాడు. వెనక బెంచీవాడొకడు లేచి, "మరి ఏది మంచిది టీచర్?" అన్నాడు. కుదిరింది, అన్నాను. మీ నాన్నకి ఆ ఏడో నంబరు బూట్లు దొరక్కుండా ఉంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనుకున్నాను. తర్వాత తెలిసింది, బూట్లు గోళ్ళనే తీసుకెళ్ళాయి, మిగతాదంతా ఆ తారీఖు చేసిన పని.

అందుకని ఆగస్టు మర్చిపో. మొదటి రెండు వారాలు నడకే. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులు, వరస రోజులు వద్దు. పరిగెత్తుతూ నాతో ఫోన్లో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, మాట తెగితే వేగం ఎక్కువైనట్టే. ఫోన్లోని యాప్ అంకెలు చూపించి రెచ్చగొడుతుంది, దాని మాట వినకు. పిక్క ముందు ఎముక నొప్పెడితే, పొద్దున మంచం దిగిన మొదటి అడుగుకి మడమ కింద పోటొస్తే వారం ఆపెయ్. వ్యాక్సిన్ జబ్బు తగ్గాక మూడు నెలలకి అన్నారుగా, అది వేయించుకున్నాక జ్వరం, ఒళ్ళునొప్పులు పూర్తిగా పోయేదాకా పరుగు లేదు. నెలసరి రోజుల్లో ఓపికుంటే పరిగెత్తు, లేకపోతే పడుకో. ఎవరో ఏదో అన్నారని మాత్రం మానకు. స్పోర్ట్స్ బ్రా మంచిది కొనుక్కో, బూట్ల తర్వాత ఖర్చు పెట్టాల్సింది దాని మీదే. మా రోజుల్లో ఆ వస్తువు లేక ఎంత చక్కటి పరుగు ఉన్న ఆడపిల్లలు తొమ్మిదో తరగతిలో గ్రౌండు మానేశారో.

మాస్కు బిగించి ఆయాసపడుతూ పరిగెత్తొద్దు. మనుషుల్లేని వేళ, మనుషుల్లేని దారి చూసుకుని, మెడలో వేసుకుని వెళ్ళు. ఎవరన్నా ఎదురైతే పైకి లాక్కుని దూరం జరుగు. చెమటకి తడుస్తుంది, జేబులో ఇంకొకటి ఉంచుకో. మీకు నయం, మాకిక్కడ పొద్దున ఆరు దాకా కర్ఫ్యూనే.

ఇక కుక్కలు. నవ్వకు. హోటళ్ళు మూతపడి వాటికీ తిండి లేదు, మీ కాలనీ వెనక ఖాళీ స్థలాల్లో గుంపులు కట్టాయని మీ అమ్మే చెప్పింది. వెంటపడితే పరిగెత్తకు. పరుగు నేర్చుకుంటున్న పిల్లకి ఇది చెప్పడం విచిత్రమే కానీ, ఆగు, కళ్ళలోకి చూడకుండా మెల్లగా వెనక్కి నడు. పొరపాటున పన్ను దిగితే పసుపూ కారమూ పెట్టకుండా కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ పూటే ఇంజెక్షన్‌కి వెళ్ళు. చెవుల్లో ఆ పాటల పుల్లలు పెట్టుకోకు. రాంగ్ రూట్లో వచ్చే బండి హారన్ వినపడాలి, నీ వెనక వచ్చే అడుగులూ వినపడాలి. వాహనాలకి ఎదురు వైపునే పరిగెత్తు. ఏ దారిన వెళుతున్నావో ఇంట్లో చెప్పి వెళ్ళు, రోజూ ఒకే వేళకి ఒకే దారిన వెళ్ళకు. ఇది కుక్కల గురించి కాదని నీకు తెలుసు.

వానలో తడిసిన బూట్లని ఎండలో పెట్టకు, లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద ఉంచు. వైరస్ భయంతో పేపరు మాన్పించారుగా, పక్కింటివాళ్ళని అడుగు.

ఈసీజీ కాగితం ఫోటో తీసి పంపు, మా డాక్టరుగారికి కూడా చూపిస్తాను. బూట్లకి ఐదు వేలు నీ నంబరుకి పంపాను. మీ అమ్మకి చెప్పకు, పెన్షన్ డబ్బులు ఇట్లా తగలేస్తున్నానంటుంది. మిగిలితే మేజోళ్ళు కొనుక్కో, ఇంకో మెడల్‌కి కట్టావని తెలిస్తే ఊరుకోను.

మీ అత్త