పిండిలో పట్టే రెండు ట్రిబోలియం పురుగుల్ని ఎలా వేరుగా గుర్తుపట్టాలి?

మీరు అడిగింది ట్రిబోలియం కాస్టేనియం, ట్రిబోలియం కన్ఫ్యూజమ్ అనే పిండి పురుగుల్లో ఏది ఏదో చూసి ఎలా చెప్పాలి అని కదా. రంగు, సైజు చూసి మాత్రం తేల్చేయకండి, రెండూ 3 నుంచి 4 మిల్లీమీటర్లే, రెండూ ఎర్రటి గోధుమ రంగే, పైగా ప్యూపా (పెద్ద పురుగుగా మారే ముందు దశ) నుంచి అప్పుడే బయటికొచ్చినవి ఏ జాతైనా లేతగా పాలిపోయి ఉంటాయి.

అసలు చూడాల్సింది యాంటెన్నా, అంటే తల మీదుండే మీసం. కాస్టేనియంకి చివరి 3 కణుపులు ఒక్కసారిగా లావైపోయి గదలాగా కనిపిస్తాయి, కన్ఫ్యూజమ్‌కి అలా కాదు, కింద నుంచి చివరిదాకా మెల్లమెల్లగా లావవుతూ పోతుంది, లావు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. మంచి లెన్స్ ఉంటే చాలు, మైక్రోస్కోప్ అయితే ఇంకా హాయి.

చచ్చిన పురుగుల్లో యాంటెన్నాలు తరచూ విరిగిపోయి ఉంటాయి, అప్పుడు వెల్లకిలా తిప్పి తల అడుగు నుంచి కళ్ళు చూడండి. రెండు కళ్ళ మధ్య ఖాళీ దాదాపు ఒక కన్ను వెడల్పే ఉంటే కాస్టేనియం, సుమారు మూడు కళ్ళ వెడల్పు ఉంటే కన్ఫ్యూజమ్. నాకైతే ఇదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది.

ఇంకోటి, వెచ్చగా ఉన్నప్పుడు కాస్టేనియం ఎగురుతుంది, కన్ఫ్యూజమ్ రెక్కలున్నా ఎగరదు. కానీ ఎగరట్లేదు కదా అని కన్ఫ్యూజమ్ అనేసుకోవద్దు, కాస్టేనియం కూడా ఎక్కువసేపు నడుస్తూనే ఉంటుంది.