ట్యూనింగ్ చేసిన పికప్‌కు ఏ క్లచ్ వేయాలి?

ప్రశ్న: మాది 2.5 లీటర్ల టర్బో డీజిల్ పికప్. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, సీజన్‌లో మిర్చి తోలుతాం. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాం, అంటే బలం పెరిగేలా దాని సెట్టింగులు మార్పించాం. 215/75 ఆర్15 టైర్లు తీసి 235/75 వేశాం. ఇప్పుడు లోడ్ మీద ఐదో గేర్‌లో గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి లేవదు. ఒక షాపులో కంపెనీ సెట్ చాలంటున్నారు, ఇంకో షాపులో సిరామిక్ బటన్ ప్లేట్ తప్ప వేరేది వద్దంటున్నారు. ఏది వేయాలి? – ఒక పాఠకుడు, పరకాల

జవాబు: క్లచ్ జారుతోంది, అందులో అనుమానం లేదు. అయినా సెట్ కొనే ముందు పెడల్ చూడండి. చేత్తో నొక్కితే మొదట కొంచెం ఆట ఉండాలి, ఎంతనేది బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆట అస్సలు లేకపోతే పెడల్ వెనకుండే పుష్‌రాడ్, క్లచ్ ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను ఎప్పుడూ నొక్కే ఉంచుతుంది. కాలు తీసినా లైన్లో ప్రెషర్ దిగదు, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ పూర్తిగా వెనక్కి రాదు. అలాంటి బండికి ఎంత ఖరీదైన సెట్ వేసినా జారుతుంది. తర్వాత బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప) అడుగున వేలు పెట్టి చూడండి. నల్లగా తగిలితే ఇంజిన్ వెనక సీల్ పోయింది, గంధకం వాసన ఘాటుగా వస్తే అది గేరాయిల్. ఆయిల్ తాగిన ప్లేట్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయడం దండగ.

ఈ రెండూ బాగుంటే మిగిలింది టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) లెక్క. చాలామంది హార్స్‌పవర్ చెప్పి క్లచ్ అడుగుతారు. ప్లేట్‌కు హార్స్‌పవర్‌తో పని లేదు, అది పట్టాల్సింది టార్క్‌ను. డీజిల్ టర్బోలో ఆ టార్క్ దాదాపు అంతా 1500, 2200 ఆర్‌పీఎం మధ్యే వచ్చేస్తుంది. మీ క్లచ్ ఫస్ట్ గేర్‌లో బాగానే ఉండి, ఐదో గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం మీద తొక్కినప్పుడు జారడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ప్లేట్ బయటి వ్యాసం 240 మిల్లీమీటర్లు, లోపలిది 160 అనుకోండి. సగటు వ్యాసార్థం 0.1 మీటరు. మామూలు ఆర్గానిక్ లైనింగ్ ఘర్షణ గుణకం 0.3. ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు (ఇంజిన్ చివర తిరిగే బరువు చక్రం) అదిమే ప్రెషర్ ప్లేట్ 4500 న్యూటన్లతో, అంటే దాదాపు 460 కిలోల బరువుతో నొక్కుతోంది. ప్లేట్‌కు రెండు ముఖాలు కాబట్టి 0.3 × 4500 × 0.1 × 2 = 270 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ 200 ఇస్తున్నప్పుడు 35 శాతం మిగులు ఉంది. రీమ్యాప్‌తో అదే ఇంజిన్ 260 ఇస్తే మిగిలేది 4 శాతం. ప్లేట్ వేడెక్కితే పట్టు తగ్గుతుంది, ఆ నాలుగూ అక్కడే పోతాయి. కంపెనీ సెట్ చాలదనడానికి ఈ లెక్క చాలు. అదే ప్లేట్ మీద 5500 న్యూటన్ల ప్రెషర్ ప్లేట్ కూర్చోబెడితే 330 వస్తుంది. 260 మీద పావు వంతుకు పైనే మిగులు. రీమ్యాప్ చేసినవాళ్ల దగ్గర కొత్త టార్క్ ఎంతో రాయించుకోండి. ఆ అంకె లేకుండా క్లచ్ కొనడమంటే కొలత లేకుండా బట్టలు కుట్టించుకున్నట్టే.

కాబట్టి నా మాట: ఆర్గానిక్ ప్లేటే, కానీ రాగి తీగ కలిపి నేసిన లైనింగ్‌ది, దాని మీద హెవీ డ్యూటీ ప్రెషర్ ప్లేట్. సిరామిక్ బటన్ వేడిని బాగా తట్టుకుంటుంది, పట్టూ ఎక్కువే. అయితే అది స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా పడుతుంది. మార్కెట్ యార్డులో లోడ్ బండిని రివర్స్‌లో జానెడు జానెడు జరపాలంటే డ్రైవర్‌కు చుక్కలు కనిపిస్తాయి, ఆ కుదుపంతా గేర్‌బాక్స్, క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్ పళ్ల చక్రాలు) భరించాలి. ఫ్లైవీల్ కూడా త్వరగా అరుగుతుంది. ఒకవేళ ఎవరైనా మధ్యలో స్ప్రింగులు లేని ప్లేట్ అంటగడితే అసలే తీసుకోకండి. డీజిల్ ఇంజిన్ అదురును మింగేది ఆ స్ప్రింగులే. అవి లేకపోతే గేర్‌బాక్స్ గలగలమంటుంది.

అలాగని అన్నిటికన్నా గట్టి ప్రెషర్ ప్లేట్ కోసమూ వెతకొద్దు. స్ప్రింగ్ గట్టిపడే కొద్దీ పెడల్ బరువెక్కుతుంది. తొక్కిన ప్రతిసారీ ఆ బలమంతా ఫోర్కు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీదే పడుతుంది. హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర గేర్‌లో పెట్టి పెడల్ తొక్కి నిలబడే అలవాటుంటే ఆ వాషర్లే ముందు పోతాయి. న్యూట్రల్ చేసి కాలు తీయమనండి.

టైర్ల సంగతి. 235/75 తో చక్రం వ్యాసం 703 నుంచి 733 మిల్లీమీటర్లకు పెరిగింది. అంటే గేరింగ్ నాలుగు శాతం పొడుగైంది, లోడ్‌తో కదిలేటప్పుడు హాఫ్ క్లచ్ ఆ మేరకు ఎక్కువసేపు పడుతుంది. పాత టైర్లకే మళ్లితే క్లచ్‌కు మేలు. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 చెబుతుంది. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట చూసేది అలాంటివే.

గేర్‌బాక్స్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఇంజిన్ వెనక సీల్, అన్నీ ఒకేసారి మార్చండి. సీల్ ఖర్చు మిగుల్చుకుని మళ్లీ లేబర్ కట్టడం తెలివి కాదు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే లేత్‌కు పంపండి. అంచు మెట్టులా ఉన్న ఫ్లైవీల్ అయితే ప్లేట్ ఆనే ముఖం ఎంత చెక్కారో బోల్టులు కూర్చునే ముఖమూ అంతే చెక్కాలి. లోపలి ముఖమే చెక్కితే ప్రెషర్ ప్లేట్ స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకోదు, డబ్బు పెట్టి కొన్న బిగువు లేత్ దగ్గరే పోతుంది.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లు సగం లోడ్‌తోనే, గేర్లు మారుస్తూ, ఊళ్ల మధ్య తిప్పండి. లైనింగ్ ఫ్లైవీల్‌తో పూర్తిగా కలవకముందే ఫుల్ లోడ్ మీద కాలిస్తే దాని ముఖం గాజులా మెరుపెక్కుతుంది, ఆ తర్వాత పట్టు రాదు.

ప్రశ్న: కొత్త సెట్ వేసి వారమైంది. ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు క్యాబిన్ అంతా వణుకుతోంది. మళ్లీ దించాలా? – కరీంనగర్ పాఠకుడు

జవాబు: ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగుల రబ్బర్లు చూడండి. చీలి ఉంటే ఇదే వణుకు వస్తుంది, వాటికి దించే పనే లేదు. రబ్బర్లు బాగుంటే దించాల్సిందే. తీశాక మూడు చోట్ల చూడండి. ఫ్లైవీల్ ముఖం డయల్ గేజ్ మీద 0.1 మిల్లీమీటరుకు మించి ఊగకూడదు. ప్లేట్ మీద గ్రీజు చుక్కలుంటే షాఫ్ట్ పళ్లకు గ్రీజు ఎక్కువ రాశారని అర్థం. పల్చటి పొర చాలు, మిగిలింది తిరిగేటప్పుడు చిమ్ముతుంది. మూడోది, ఎక్కువగా జరిగేది: గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు జాక్ మీద నిలపకుండా బరువంతా ప్లేట్ హబ్ మీద వేలాడనిచ్చి ఉంటారు. ప్లేట్ వంగిపోతుంది. వంగిన ప్లేట్‌ను కొట్టి సరిచేయడం కుదరదు.

ప్రశ్న: డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) పోయింది. సింగిల్ మాస్ (ఒకే ముక్కది) కిట్ వేయొచ్చా? – మంచిర్యాల

జవాబు: లోడ్ బండికి వేయొచ్చు. కాకపోతే ఫ్లైవీల్, ప్లేట్, ప్రెషర్ ప్లేట్ ఒకే కిట్‌లోవి కావాలి. డ్యూయల్ మాస్‌తో వచ్చే ప్లేట్‌లో చాలాసార్లు డంపర్ స్ప్రింగులు ఉండవు, అదురు తీసుకునే పని ఫ్లైవీల్‌దే. ఆ ప్లేట్‌ను సింగిల్ మాస్ మీద వేస్తే అదురు నేరుగా గేర్‌బాక్స్‌కు పోతుంది. ఐడిలింగ్‌లో కొంత గలగల మాత్రం సరైన కిట్‌తోనూ ఉంటుంది.

ప్రశ్న: పొద్దున గేర్లు కరకరమంటాయి, పెడల్ రెండుసార్లు కొడితే సర్దుకుంటుంది. ప్లేట్ పోయిందా? – జగిత్యాల

జవాబు: ప్లేట్ కాదు. రెండోసారి తొక్కితే సర్దుకుంటోందంటే లైన్లో గాలి ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ రబ్బర్లు అరిగాయి. గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే ముందు దాన్నే మార్చి, క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా మూత మీద రాసిన గ్రేడ్ ఫ్లూయిడ్‌తో బ్లీడింగ్ చేయించండి, అంటే లైన్లో గాలి తీయించండి.