డిస్క్ 100 శాతం... నెపం ‘సిస్టమ్’ మీద

సందేహం: ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా నా విండోస్ ల్యాప్‌టాప్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోంది. రిసోర్స్ మానిటర్‌లో ‘సిస్టమ్’ అనే ప్రాసెస్ అన్నిటికన్నా పైన ఉంది. అది వైరసా? షాపులో స్పీడ్ బూస్టర్ ఒకటి వేసి ఇచ్చారు. అయినా తేడా లేదు.
- ఓ పాఠకుడు, వరంగల్

సమాధానం: ఈ నెలలో ఇదే ప్రశ్న నాలుగోసారి! వైరస్ కాదు, ‘సిస్టమ్’ అంటే కెర్నలే, అంటే విండోస్ గుండెకాయ. 100 శాతం అంటే డిస్క్ నిండిందని కాదు, దానికి ఊపిరి సలపడం లేదని. ప్రోగ్రామ్ రాసే డేటా సాధారణంగా ముందు ర్యామ్‌లోని క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో పడుతుంది. లేజీ రైటర్ అనే కెర్నల్ థ్రెడ్ సెకనుకోసారి లేచి, అందులో కొంత డిస్క్‌కు చేరుస్తుంది. ఆ రాత ‘సిస్టమ్’ ఖాతాలో పడుతుంది. తిన్నదొకరు, బిల్లు ఇంకొకరికి.

అసలు ఎవరు రాస్తున్నారో తెలియాలంటే మైక్రోసాఫ్ట్ వారి ఉచిత టూల్ ప్రాసెస్ మానిటర్ వాడండి. క్యాష్ దాకా పోకముందే, ప్రోగ్రామ్ అడిగిన క్షణంలోనే పట్టుకుంటుంది. రెండు నిమిషాలు నడిపి ఆపి, టూల్స్ మెనూలో ఫైల్ సమ్మరీ చూడండి. రాత్రంతా వదిలేస్తే మెమరీ మింగేస్తుంది. ఆ లాగ్‌ను ఎవరికిపడితే వాళ్లకు పంపకండి. మీ ఫైళ్ల పేర్లతో పాటు, ప్రోగ్రామ్‌లను నడిపిన కమాండ్లూ అందులో ఉంటాయి. కమాండ్‌లో పాస్‌వర్డ్ ఉంటే అదీ కనిపిస్తుంది.

నాకు అసలు టెన్షన్ ఆ బూస్టర్ గురించే. అది కెర్నల్‌లో తన డ్రైవర్‌ను దించి ఉండొచ్చు. అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్, ఎల్, టీ, ఎం, సీ అని అయిదక్షరాలు కలిపి కొట్టండి. ఫైళ్ల దారిలో కాపు కాసిన ఫిల్టర్ డ్రైవర్లన్నీ వరుసగా వస్తాయి. పక్కన ఆల్టిట్యూడ్ అనే అంకె ఉంటుంది. అది ఎంత పెద్దదైతే మీ ఫైల్ అంత ముందుగా దాని కంట పడుతుంది. 32తో మొదలయ్యే ఆరంకెలవి యాంటీవైరస్‌లవి. అలాంటివి రెండు మూడున్నాయంటే, ఒక్కో ఫైల్‌కు రెండు మూడు తనిఖీలన్నమాట. ల్యాప్‌టాప్ నత్తలా నడవక ఏం చేస్తుంది?

కెర్నల్‌లో కూర్చున్నవాడు తప్పు చేస్తే ఆపేవాడు ఉండడు. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌ను దాని డ్రైవర్ చదవబోయి, దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెర మీద నిలబెట్టింది. విమానాలు ఆగిపోయాయి. అది నిపుణులు రాసిన డ్రైవర్. ఊరూ పేరూ లేని బూస్టర్ సంగతేంటి? డిజిటల్ సంతకమున్న పాత డ్రైవర్లలోని లోపాలను వాడుకుని యాంటీవైరస్‌నే ఆపేసే ర్యాన్సమ్‌వేర్ ముఠాలున్నాయి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు. ఈమధ్య ఆటలు కూడా మోసగాళ్లను పట్టడానికంటూ కెర్నల్‌లో చోటడుగుతున్నాయి. పేకాటకు వచ్చినవాడికి బీరువా తాళాలెందుకండీ?

బూస్టర్ తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ఆ అయిదక్షరాలు కొట్టండి. జాబితాలో ఎన్ని వరుసలు తగ్గాయో నాకు రాయండి.