డాక్టర్ సలహా: ప్రొటీన్ పౌడర్ పట్టిస్తే సికిల్ సెల్ తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపూర్. మా చిన్నపాపకు తొమ్మిదేళ్లు. కాళ్లూ చేతులూ నొప్పులని తరచూ ఏడుస్తుంది, కళ్లు పచ్చగా ఉంటాయి. పరీక్ష చేయిస్తే సికిల్ సెల్, ఎస్‌ఎస్ అన్నారు. రక్తంలో ప్రొటీన్ సరిగా లేకపోవడం వల్లే ఈ జబ్బు అని తెలిసినాయన చెబితే నాలుగు నెలలుగా ప్రొటీన్ పౌడర్, ఐరన్ టానిక్ పట్టిస్తున్నాం, వారానికి రెండుసార్లు మేక కార్జం పెడుతున్నాం. నొప్పులు తగ్గలేదు. పెద్దమ్మాయికి ఏఎస్ అని వచ్చింది. దాన్ని మేనమామ కొడుక్కి ఇద్దామనుకుంటున్నాం. ఈ జబ్బు మా ఆవిడ వైపు నుంచే వచ్చిందని మా అమ్మ గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పౌడర్ డబ్బా కొనడం ఆపండి. ఐరన్ టానిక్ కూడా ఆపి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి. ఈ జబ్బులో ఎర్రకణాలు త్వరగా పగిలిపోతాయి, వాటిలోని ఐరన్ ఒంట్లోనే ఉండిపోతుంది. పరీక్షలో తక్కువని తేలితే తప్ప పైనుంచి ఇంకా పోయకూడదు, రక్తం ఎక్కించిన పిల్లలకైతే మరీనూ.

మీకు చెప్పినాయన పూర్తిగా తప్పు చెప్పలేదు. కాకపోతే ‘సరిగా లేదు’ అన్నమాటను మీరు ‘తక్కువగా ఉంది’ అని అర్థం చేసుకున్నారు. పాపకు హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ తయారవుతోంది, తప్పుగా తయారవుతోంది, అదీ సంగతి. ప్రొటీన్ అంటే పూసల దండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు, అవి 20 రకాలు. మీరు గుడ్డు పెట్టినా, కార్జం పెట్టినా, పౌడర్ కలిపినా పొట్టలోనూ పేగుల్లోనూ ఆ దండలన్నీ తెగి విడి పూసలైపోతాయి, అవే రక్తంలోకి వెళ్తాయి, అంతేగానీ మేక హిమోగ్లోబిన్ అలాగే వెళ్లి పాప హిమోగ్లోబిన్ అయిపోదు. ఎముక మజ్జలో కొత్త ఎర్రకణం పుట్టేటప్పుడు కణం ఆ పూసల్ని మళ్లీ ఒక్కొక్కటిగా గుచ్చుతుంది, రెండేసి పూసలు అతుక్కున్న ప్రతిచోటా ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఏ పూస తర్వాత ఏ పూస అన్న చీటీ మాత్రం డీఎన్‌ఏలో ఉంటుంది, మూడక్షరాలకు ఒక పూస లెక్కన. మీరు బస్తాడు పూసలు తెచ్చి పోసినా గుచ్చేది ఆ చీటీ ప్రకారమే.

మీ పాప చీటీలో తేడా ఒక్క అక్షరం. జీఏజీ అని ఉండాల్సిన చోట జీటీజీ అని ఉంది. హిమోగ్లోబిన్‌లో నాలుగు దండలుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా, మొత్తం 574 పూసలు. బీటా దండలో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి, పాపకు అక్కడ వాలీన్ పడింది. రెండు బీటా దండలు కాబట్టి 574లో రెండే పూసల తేడా, దానికే ఇంత బాధ! నేను చదువుకునే రోజుల్లో ఇది విని నమ్మలేకపోయాను. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం 1949లోనే ఇది అణువులో లోపం వల్ల వచ్చే జబ్బని చూపించింది, ఆ తర్వాత 1956లో వెర్నాన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసి, తేడా ఏ ముక్కలో ఉందో పట్టుకున్నాడు.

ఒక్క పూసకే అంత గొడవ ఎందుకంటే, గ్లుటామిక్ ఆమ్లం నీళ్లతో కలిసిపోయే రకం, వాలీన్ నూనెలా నీళ్లకు దూరంగా తప్పుకునే రకం. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేయగానే దాని ఆకారం కొంచెం మెలి తిరిగి పక్కన చిన్న గుంట తేలుతుంది. పక్క అణువులోని వాలీన్ వెళ్లి ఆ గుంటలో ఇరుక్కుంటుంది. నౌపడ నుంచి మీ ఊరొచ్చే రైల్లో బోగీకి బోగీ కొక్కెం తగిలించినట్టు అణువుకు అణువు తగులుకుని బారులుగా పెరుగుతుంది, ఆ బారులు 14 కలిసి తాడులా పేనుకుంటాయి. ఆ తాళ్లు లోపలినుంచి తన్ని పట్టడంతో గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది, సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. పాప ఏడ్చే నొప్పి అదే, వేషాలేస్తోందని కసరకండి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ఇది పదిరోజులో ఇరవై రోజులో. పగిలిన కణాల రంగే కళ్లలో పచ్చగా కనబడేది, దానికి పసరు మందులు పోయించకండి.

చీటీని తిండితో మార్చలేం. కొక్కేలు తగులుకోకుండా చూడొచ్చు. హైడ్రాక్సీయూరియా అనే మందు చేసేది అదే. కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక తగ్గిపోతుంది, ఈ మందు దాన్ని మళ్లీ పెంచుతుంది. ఆ రకం అణువు ఈ బారులో ఇమడదు, మధ్యలో అది వచ్చిందంటే బోగీల వరుస తెగిపోతుంది. బరువును బట్టి డాక్టర్ మోతాదు రాస్తారు, రోజూ వేయాలి, మధ్యమధ్యలో రక్తకణాల లెక్క చూపించుకోవాలి, నొప్పి లేదని మీరే మానేయకూడదు. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, కణాలు పగిలిన కొద్దీ మజ్జ కొత్తవి చేయాలి కదా, ప్రతి కొత్త కణానికీ డీఎన్‌ఏ కావాలి, అది తయారవడానికి ఈ విటమిన్ పనికొస్తుంది. న్యుమోకోకల్ టీకా వేయించారో లేదో చూసుకోండి.

ఒంట్లో నీళ్లు తగ్గితే ఎర్రకణంలో హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది, చిక్కబడితే తాళ్లు మరీ త్వరగా పేనుకుంటాయి. అందుకే బడికి సీసా నిండా నీళ్లు పంపండి, తాగిందో లేదో సాయంత్రం చూడండి. పల్చటి చోడి అంబలి, మజ్జిగ మంచివి. డిసెంబర్‌లో సెమిలిగుడ వైపు చుట్టాలింటికెళ్తే స్వెట్టర్ తీయనివ్వకండి, చలికి కూడా నొప్పి మొదలవుతుంది. దోమతెర తప్పనిసరి. ఏఎస్ ఉన్నవాళ్లకు, అంటే ఈ తప్పు చీటీ (ఎస్) అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చినవాళ్లకు, తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లో ఈ జన్యువు ఇన్ని తరాలు నిలిచిందంటే కారణం అదే, కానీ ఇద్దరినుంచీ వచ్చిన ఎస్‌ఎస్ పిల్లలకు మలేరియా వస్తే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం 101 దాటినా, ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, పాప ఒక్కసారిగా పాలిపోయి ఎడమవైపు పొట్ట ఉబ్బినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా తెల్లారేదాకా ఆగకండి.

ఇక మీ అమ్మగారి గొడవ. ఎస్‌ఎస్ అంటే ఒక ఎస్ తల్లి నుంచి, ఒక ఎస్ తండ్రి నుంచి. అంటే మీలోనూ ఉంది బాబూ, పరీక్ష చేయించుకోండి, ఆ రిపోర్టు మీ అమ్మగారికి మీరే చదివి వినిపించండి. ఇది ఆదివాసీలకే వస్తుందని మీవైపు ఓ అపోహ ఉంది, అదీ నిజం కాదు.

పెద్దమ్మాయికి జబ్బు లేదు, మందులూ అక్కర్లేదు, పెళ్లి నిశ్చింతగా చేయొచ్చు. కానీ మేనరికం అన్నారు కాబట్టి ఆగి ఆలోచించండి. మీ ఆవిడకున్న ఎస్ ఆవిడ అన్నదమ్ములకు ఉండే అవకాశం కనీసం సగానికి సగం, అక్కడినుంచి కొడుక్కీ రావచ్చు. అబ్బాయి కూడా ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డ ఎస్‌ఎస్ అయ్యే అవకాశం నాలుగింట ఒకవంతు. తాంబూలాలకు ముందే అబ్బాయికి, రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఒడిశా కూడా ఉంది, జిల్లా ఆసుపత్రిలో పరీక్ష గురించి, హైడ్రాక్సీయూరియా గురించి అడగండి. పాప హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో హెచ్‌బీఎఫ్ అని ఒక శాతం ఉంటుంది, కడుపులో బిడ్డకుండే ఆ రకం హిమోగ్లోబిన్ పాపలో ఎంతుందో చెప్పేది, ఆ అంకె నాకు రాసి పంపండి.