మీ మెస్‌కు భోజనానికి వచ్చేవాళ్లనే అడగండి

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో 12 ఏళ్లుగా ఆంధ్రా మెస్ నడుపుతున్నాం. మా అమ్మాయికి 14 నిండాయి, తొమ్మిదో తరగతి. దసరా సెలవుల్లో ఐదు రోజులు ఏదైనా పనిచోట గడిపి నివేదిక రాయమన్నారు బడిలో. మెస్ గురించి రాయమంటే స్నేహితులు నవ్వుతారంటోంది. మాకు తెలిసిన ఆఫీసులు లేవు. మావారి స్నేహితుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నారు, వెళ్లకపోయినా వెళ్లినట్టు ఉత్తరం ఇప్పిస్తామంటున్నారు. తీసుకోమంటారా? ఏమవుతావని అడిగితే పిల్ల తెలియదంటుంది.

జవాబు: ఆ ఉత్తరం వద్దమ్మా. అబద్ధమన్నది ఒక కారణం. ఎందుకూ పనికిరాకపోవడం మరో కారణం. కర్ణాటకలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష కేసీఈటీ ర్యాంకుకు పీయూసీ (మన ఇంటర్) మార్కులు సగం, పరీక్ష మార్కులు సగం లెక్క. తొమ్మిదో తరగతిలో తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను అక్కడ ఎవరూ అడగరు. ఇక ‘తెలియదు’ అన్నందుకు బెంగపడకండి. ఆ వయసులో అంతకన్నా నిజాయితీ గల జవాబు నేను అరుదుగా వింటాను.

బడివాళ్లు చెప్పింది కొత్త వింతేమీ కాదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గరికి పిల్లలను పంపమంది. జపాన్‌లోని హ్యోగో ప్రాంతంలో 1998 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు సరిగ్గా ఐదు రోజులు దుకాణాల్లో, శిశు పాఠశాలల్లో గడుపుతున్నారు.

అందులో ఏముందంటారా? రెండేళ్ల కిందట బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఇనుము చెక్కే ఒక చిన్న లేత్ వర్క్‌షాపుకు నలుగురు పిల్లలను తీసుకెళ్లాను. ఆపరేటర్ ఒక కుర్రవాడి చేతికి మందం కొలిచే మైక్రోమీటర్ ఇచ్చి, అప్పుడే దింపిన ఇనుప షాఫ్టును కొలవమన్నారు. 20.02 మిల్లీమీటర్లు వచ్చింది. ఉండాల్సింది 20. తేడా ఒక కాగితం మందంలో ఐదో వంతు. ఆయన ఏమీ అనకుండా బేరింగు తీసి దానికి తొడగబోయారు. అంచు దగ్గరే ఆగిపోయింది. షాఫ్టు, కొలత తప్పినవి వేసే ఎర్రరంగు ట్రేలో పడింది. పొద్దుటి నుంచి అందులో పడినవి అప్పటికే మూడు. ‘మీ జీతంలో కోస్తారా?’ అని కుర్రవాడు అడిగాడు. ఆయన నవ్వి, జవాబు చెప్పకుండా మెషీన్ వైపు తిరిగారు. ఆ పిల్లవాడు తర్వాత కామర్స్ తీసుకున్నాడు. ఆ రోజు వృథా అయిందని మాత్రం నేను అనుకోను.

తెలిసినవాళ్లు లేరంటున్నారు. మధ్యాహ్నం మీ బల్లల ముందు ఎవరు కూర్చుంటారో ఒకసారి చూడండి. ల్యాబ్ టెక్నీషియన్, కొరియర్ కుర్రాడు, బ్యాంకు గుమస్తా, సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఇంతమంది పరిచయస్తులు చాలామంది ఆఫీసర్లకు కూడా ఉండరు. వాళ్లలో ముగ్గురిని ఎంచుకుని, తలా ఒక రోజు పక్కన ఉండి చూడవచ్చా అని అడగండి. అడిగేది మీరు కాదు, అమ్మాయే. సిగ్గుపడుతుంది, ఒకరిద్దరు కుదరదంటారు, పరవాలేదు. వాళ్ల యజమాని అనుమతి ఉందో లేదో, ఆ రోజంతా పక్కన ఎవరుంటారో మాత్రం మీరు కనుక్కోండి. ‘మీ ఉద్యోగం ఏమిటి’ అని అడిగితే విజిటింగ్ కార్డు మీది జవాబే వస్తుంది. ‘రేపటికి వాయిదా వేయాలనిపించే పని ఏది?’ అని అడగమనండి, మనిషి నోరు విప్పుతాడు.

చట్టం సంగతీ చెప్పాలి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల లోపువారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మీ అమ్మాయి వెళ్లేది చూడడానికి, పనిచేసి పెట్టడానికి కాదు. యంత్రం మీద చేయి వేయనివ్వకండి. మీ వంటింట్లో పెద్ద బర్నర్ల దగ్గరా అంతే.

మిగిలిన రెండు రోజులు మీ మెస్‌కే. వడ్డనకు కాదు, లెక్కల పుస్తకం దగ్గరికి. 19 కిలోల గ్యాస్ సిలిండర్ ఎన్ని భోజనాలకు వస్తోంది? రాత్రికి ఎంత అన్నం మిగులుతోంది? గోడకు తగిలించిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) కాగితం మీది 14 అంకెల నంబరు ఎందుకు, అది తెచ్చుకోవడానికి మీరు ఎన్నిసార్లు తిరిగారు? ఇవి రాస్తే నవ్వే స్నేహితులు ఎందరో చూద్దాం. వాళ్లలో చాలామంది నాన్నగారి కంపెనీ లోగోతోనే నివేదిక మొదలుపెట్టి ఉంటారు!

మీవారి స్నేహితుడిని వదలొద్దు. ఉత్తరానికి బదులు ఒక గంట సమయం అడగండి, ఈ మధ్య తను చేసిన తప్పు ఒకటి ఎలా బయటపడిందో పిల్లకు చెప్పమనండి. మిగతావాళ్లను పొద్దున టిఫిన్ వేళ అడిగించండి. మధ్యాహ్నం ఒంటిగంటకైతే వాళ్లకూ తీరిక ఉండదు, మీకూ ఉండదు.