641 దాకా పాఠకుణ్ణి నడిపించు

చిరంజీవికి ఆశీస్సులు.

429 కోట్ల 49 లక్షల 67 వేల 297 మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సంఖ్యను ఎంచుకోవడంలో నీ రుచి నాకు నచ్చింది. కానీ లక్షణాలు మరీ కుప్పపోశావు. బేసి సంఖ్య అనీ, పది అంకెలున్నాయనీ చూడగానే తెలుస్తుంది, అవి కొట్టెయ్యి. ఇది 2³²+1 అని మొదటి వాక్యంలోనే చెప్పు. మిగతావన్నీ అందులోంచే పుడతాయి.

2¹+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1, అంటే 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలు కాబట్టి ఆ వరసలో తర్వాతదైన ఇదీ ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 × 67,00,417గా విడగొట్టాడు. నువ్వు ఈ ముక్క ఒక్క వాక్యంలో దాటేశావు. పాఠకుడు ఆగేది ఇక్కడేనయ్యా, ఆ 641 ఎక్కణ్ణుంచి వచ్చిందని! దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలి. ఇదీ ఆయిలర్ నిరూపించిందే. 65 నుంచి 64 చొప్పున దూకుతూ పోతే తగిలే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదానికే పని అయిపోతుంది.

ఆ తర్వాత 641తో భాగహారం కాగితం మీద చేసి చూపించు. 2¹⁶ అంటే 65,536. అందులోంచి 641 × 102, అంటే 65,382 తీసేస్తే 154. 2¹⁶ వర్గమే 2³² కాబట్టి ఈ శేషాన్నే వర్గం చేస్తే చాలు, 23,716. 641 × 36, అంటే 23,076 తీసేస్తే 640. కాబట్టి 2³²కి శేషం 640, ఒకటి కలిపితే 641, శేషం సున్నా. పది అంకెల సంఖ్యను ముట్టుకోనే లేదు. ఈ నాలుగు వరసలూ పెన్సిల్‌తో చేసిన పాఠకుడు నీ వ్యాసం మధ్యలో వదలడు.

ఒక తప్పు మాత్రం తప్పకుండా దిద్దాలి. మన సంఖ్యను n అనుకుని, 2ను n−1 ఘాతానికి హెచ్చించి nతో భాగిస్తే శేషం 1 వచ్చింది కాబట్టి n ప్రధాన సంఖ్య అని రాశావు. ఆ పరీక్షను మోసం చేసేది సరిగ్గా ఈ సంఖ్యే. 2³² అంటే nకి ఒకటి తక్కువ, కాబట్టి nతో భాగిస్తే దాని శేషాన్ని −1 అనుకోవచ్చు, అందువల్ల దాని వర్గమైన 2⁶⁴కి శేషం 1. n−1 ఏమో 2³², అది 64కు గుణిజం. ఇక 1 రాక ఏం చేస్తుంది? అదే పరీక్ష 3తో చేస్తే గుట్టు బయటపడుతుంది.

ప్రోగ్రాంతో సరిచూసేటప్పుడు 32 బిట్ల పూర్ణాంకంలో పెట్టకు, పైది పొర్లిపోయి 1 మిగులుతుంది. 64 బిట్లు తీసుకో. కామాలు మన పద్ధతిలోనే వెయ్యి: 4,29,49,67,297. ఒకచోట మూడు మూడు అంకెలకు కామా పెట్టి, ఇంకోచోట కోట్లు, లక్షలంటే చదివేవాడు తడబడతాడు.

నువ్వు వదిలేసిన అందం ఒకటుంది. ఇది 65,536² + 1², మళ్ళీ 62,264² + 20,449² కూడా. ప్రధాన సంఖ్యకు ఇలా రెండు రకాలుగా రెండు వర్గాల మొత్తం అయ్యే వీలే లేదు. 641తో పని లేకుండానే ఇది ప్రధాన సంఖ్య కాదని తేలిపోతుంది. దాన్ని చివర్లో పెట్టి, కూడిక నువ్వే ఒకసారి చేతితో చేసి, తిరగరాసి పంపించు.